క్రాస్‌బోతో కొట్టిన తొలి జింకను చూసి గర్వపడవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన విషయం ఇది. మీరు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నారు, నిరుడు వేట శిక్షణ పూర్తిచేశారు. ఈ నవంబరు మొదటి వారంలో ఒక రైతు మొక్కజొన్న చేను అంచున, ఓక్ చెట్ల మధ్య మంచె మీద కూర్చుని, 27 గజాల దూరంలో అడ్డంగా నిలబడ్డ ఆడ జింకను క్రాస్‌బోతో, అంటే తుపాకిలా భుజానికి ఆనించి మీట నొక్కి బాణం వేసే అడ్డవిల్లుతో కొట్టారు. అది 60 గజాలు పరుగెత్తి పడిపోయింది. ఆఫీసులో ఫొటో చూపిస్తే, ఏళ్ల తరబడి విల్లుతో వేటాడుతున్న ఇద్దరు సహోద్యోగులు "క్రాస్‌బో అంటే బాణాలు వేసే తుపాకి, దానికి ఇంత సంబరమా" అని నవ్వారు. ఇంటికి ఫోన్ చేస్తే మీ అమ్మగారు "నోరులేని జీవాన్ని చంపి పైగా గొప్ప చెప్పుకుంటావా" అన్నారు. ఇంతకూ గర్వపడే హక్కు మీకు ఉన్నదా లేదా అన్నది మీ సందేహం.

ఉంది. అయితే ఆ గర్వం దేని మీద నిలబడాలో మీరు రాసిన వివరాల్లోనే ఉంది, దాన్ని మీరు గుర్తించకుండా ఒక్క వాక్యంలో దాటేశారు. రెండో రోజు సాయంత్రం మంచి కొమ్ములున్న మగ జింక 50 గజాల దూరంలో చాలాసేపు నిలబడిందని, నమ్మకం కుదరక వదిలేశానని రాశారు. ఎవరూ చూడని చోట, చీకటి పడబోతున్న వేళ, అంతకంటే పెద్ద జింక ఈ ఏడాది మళ్లీ కనిపించదేమోనన్న బెంగ లోపల పీకుతుండగా, మీట మీదికి వేలు పోనివ్వకపోవడం తేలికైన పని కాదు. నేను 24 సీజన్లుగా ఈ రాష్ట్రంలోనే వేటాడుతున్నాను. తూటా తుపాకి, రైఫిల్, కాంపౌండ్ విల్లు అనే కప్పీల విల్లు, పాత పద్ధతి విల్లు, మన ఏజెన్సీ ఊళ్లలో నాటు తుపాకి అంటామే అలా మూతినుంచి మందు దట్టించే తుపాకి, అన్నీ వాడాను. భుజానికి ఆపరేషన్ అయ్యాక మూడేళ్లుగా నేనూ క్రాస్‌బోనే పట్టుకుంటున్నాను. ఇన్ని వాడాక నాకు స్థిరపడ్డ అభిప్రాయం ఒకటే. ఆయుధం మన హద్దును మాత్రమే గీస్తుంది. ఆ హద్దు లోపల మనం తీసుకున్న నిర్ణయమే మనది, గర్వమైనా సిగ్గైనా దాని నుంచే రావాలి.

మీ సహోద్యోగుల మాటలో ఎంత నిజముందో ముందు లెక్క వేసి చూద్దాం. క్రాస్‌బోలో నారిని ముందే ఎక్కించి బిగించుకోవచ్చు, గురి చూడటానికి దుర్భిణి లాంటి స్కోప్ పెట్టుకోవచ్చు, జింక కళ్ల ముందు చేయి కదిపి నారి లాగవలసిన గండం ఉండదు. విల్లుతో వేటాడేవాడికి చాలా అవకాశాలు సరిగ్గా ఆ లాగే క్షణంలోనే చేజారిపోతాయి కనుక ఈ సౌకర్యం చిన్నదేమీ కాదు, ఆ మేరకు వాళ్లు చెప్పింది నిజమే. కానీ బాణం గాలిలోకి వెళ్లాక క్రాస్‌బోకు, తుపాకికి పోలికే లేదు. నేటి క్రాస్‌బో బాణం సెకనుకు సుమారు 380 అడుగులు పోతుంది, శబ్దం సుమారు 1,100 అడుగులు పోతుంది, సాధారణ రైఫిల్ తూటా 2,900 అడుగుల దాకా పోతుంది. తూటా చప్పుడు కంటే ముందే జింకను చేరుతుంది. క్రాస్‌బో విషయంలో చప్పుడే ముందు చేరుతుంది, పైగా ఆ చప్పుడు మామూలు విల్లుకంటే పెద్దది. మీ 27 గజాల దగ్గర చప్పుడుకు, బాణానికి మధ్య తేడా సెకనులో ఏడో వంతు. అదే 50 గజాల దగ్గర పావు సెకనుకు పైనే. చప్పుడు విన్న జింక పారిపోవడానికి ముందు కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించుతుంది, అలా ముడిచిన తరువాతే ఎగరగలదు. ఆ పావు సెకనులో ఛాతీ కొన్ని అంగుళాలు కిందికి జారుతుంది, ఊపిరితిత్తుల మీద పెట్టిన గురి వెన్ను మీదికి పోతుంది. మీరు వదిలేసిన మగ జింక తల ఎత్తి, చెవులు మీవైపు తిప్పి ఉంటే మీరు వదిలేయడం నూటికి నూరుపాళ్లు సరైన పని. ఈ లెక్క మీకు తెలియకపోయినా, మీ లోపల ఏదో "వద్దు" అని చెప్పింది, మీరు విన్నారు.

"అసలు వేట కాదు" అన్న ఈ ఎత్తిపొడుపు కొత్తదీ కాదు. విస్కాన్సిన్ 1934లో విల్లుతో వేటాడేవాళ్లకు విడిగా సీజన్ ఇచ్చింది, ఆధునిక కాలంలో ఈ దేశంలో ఇటువంటిది అదే మొదటిదని చెప్తారు. ఆ రోజుల్లో తుపాకివాళ్లు విల్లువాళ్లను చూసి, పుల్లలతో జింకను గాయపరచడమే తప్ప చంపలేరని ఎగతాళి చేశారు. తరువాత హోలెస్ విల్బర్ ఆలెన్ కనిపెట్టిన కప్పీల విల్లుకు 1969లో పేటెంట్ వచ్చింది. నేటి 60 పౌన్ల కప్పీల విల్లును పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు చేతిమీద నిలిచే బరువు 10 పౌన్లకు అటూ ఇటూగానే ఉంటుంది. అప్పుడు పాత విల్లువాళ్లు అది విల్లే కాదు, యంత్రం అన్నారు. ఇవాళ మిమ్మల్ని చూసి నవ్విన ఇద్దరి చేతుల్లో ఉన్నవి దాదాపు ఖాయంగా ఆ కప్పీల విల్లులే. విస్కాన్సిన్‌లో 2014 దాకా క్రాస్‌బో 65 ఏళ్లు దాటినవాళ్లకు, శారీరక ఇబ్బంది ఉన్నవాళ్లకు మాత్రమే ఉండేది, ఆ ఏడాది నుంచి అందరికీ వచ్చింది. దాంతో అదే తగవు మళ్లీ మొదలైంది. నిన్న కోడలిగా మాటలు పడ్డవారే ఇవాళ అత్తగారై మాటలు అంటున్నారు, ఇందులో అంతకు మించి ఏమీ లేదు. ఆ తగవులో డబ్బు అందరిదీ ఒకే హుండీలో పడుతున్న సంగతి ఎవరికీ గుర్తుండదు. 1937 నాటి సమాఖ్య చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను వసూలుచేసి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు ఇస్తున్నారు, 1970లలో విల్లు, బాణాలను కూడా అందులో చేర్చారు. అంగడి కోసం విచ్చలవిడిగా చంపిన రోజుల్లో, గత శతాబ్దపు తొలి రోజులకు దేశంలో తెల్లతోక జింకలు సుమారు ఐదు లక్షలకు పడిపోయాయి. ఇప్పుడు అవి సుమారు 3 కోట్లు. వాటిని తిరిగి పెంచిన ఖర్చులో క్రాస్‌బో కొన్న మీ వాటా కూడా ఉంది.

ఇక ఆయుధాన్ని బట్టి గర్వపడితే ఏమవుతుందో నా అనుభవం చెప్తాను, ఇది నేను చాలా ఏళ్లు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. 2009 అక్టోబరులో నేను కప్పీలు లేని పాత పద్ధతి విల్లుతో వేటాడాను. ఆ వేసవి అంతా పెరట్లో రోజూ 40 బాణాలు వేసి, 20 గజాల దగ్గర కాగితపు పళ్లెంలో వరసగా గుచ్చేవాణ్ని. మా పొరుగున ఉండే పాత పాడిరైతు, నాకు వేట నేర్పిన పెద్దాయన, "పళ్లెం నడవదు" అని ఒక్కమాటే అన్నాడు. నేను దాన్ని హాస్యంగా తీసుకున్నాను. ఒక సాయంత్రం, కొమ్ములకు మొత్తం ఎనిమిది కొమ్మలున్న మగ జింక 22 గజాల దగ్గరికి వచ్చింది. నేను నారి వదిలిన క్షణంలోనే అది ఒక అడుగు ముందుకు వేసింది. బాణం ఛాతీ వెనుక, కడుపులో దిగింది. దిగిన చప్పుడే వేరుగా ఉంటుంది, తడిసిన గోనెసంచిని కర్రతో కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. వీపు విల్లులా వంచి, పరుగెత్తకుండా, మెల్లగా నడుచుకుంటూ పొదల్లోకి పోయింది. కిందికి దిగి చూస్తే బాణం మీద నెత్తురు తక్కువ, ఆకుపచ్చటి జిగురు ఎక్కువ, దాని వాసన కుళ్లిన కుడితిలా ఉంది.

పేగుల్లో దెబ్బ తగిలిన జింకను కనీసం 8 గంటలు, వీలైతే 12 గంటలు కదిలించకూడదు. అది దగ్గరలోనే పడుకుంటుంది, వెంటపడకపోతే అక్కడే ప్రాణం విడుస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ అరగంటకే టార్చి పట్టుకుని బయలుదేరాను. పాత విల్లుతో కొట్టిన జింకతో ఆ రాత్రే ఇంటికి వెళ్లాలన్న ఆరాటం తప్ప దానికి ఇంకో కారణం లేదు. 150 గజాలు పోయేసరికి అది లేచి వాగు దాటిపోయింది, జాడ అక్కడితో తెగిపోయింది. మర్నాడు పెద్దాయన, నేను కలిసి ఉదయం 10 గంటలకు కనుక్కున్నాం. రాత్రి కాయోటీలు, అంటే ఇక్కడి నక్కల్లాంటి చిన్న తోడేళ్లు, వెనుక తొడలు తినేశాయి, మిగిలిన మాంసం చెడిపోయింది. ఆ జింకను నా పేరునే నమోదు చేయించాను, ఒక జింకను కొట్టడానికి ఇచ్చే అనుమతి, నా ట్యాగ్, దానికే ఖర్చయింది. కొసమెరుపు ఏమిటంటే, వారం తరువాత మిత్రుల దగ్గర "పాత విల్లుతో ఎనిమిది కొమ్మలది" అన్నమాట చెప్పగానే అందరూ లేచి భుజం తట్టారు. మిగతా కథ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ కొమ్ములు ఇప్పటికీ గ్యారేజీలో రంగుల డబ్బాల వెనుక ఉన్నాయి, గోడకెక్కలేదు.

ఈ మాటకు మన దగ్గర దశరథుడి కథను మించిన ఉదాహరణ లేదు. చీకట్లో, సరయూ ఒడ్డున, కుండలో నీళ్లు నిండుతున్న చప్పుడు విని ఏనుగు అనుకుని బాణం వేశాడు. చూడకుండా చప్పుడును బట్టి కొట్టగల శబ్దభేది అన్న పేరు ఆయనకు ఉంది, ఆ పేరు మీద మోజు కూడా ఉంది. అంతటి విలువిద్య ఎవరికీ లేదు, ఆ విద్యే ముని కుమారుడి ప్రాణం తీసింది. మీరు పాసైన వేట శిక్షణలో నాలుగు సూత్రాలు చెప్పి ఉంటారు, వాటిలో మూడోది కొట్టబోయేది ఏమిటో, దాని వెనుక ఏముందో ఖాయం చేసుకోమని చెప్తుంది. 1973 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారెవరైనా ఈ రాష్ట్రంలో వేట లైసెన్సు తీసుకోవాలంటే సాధారణంగా ఆ శిక్షణ పూర్తిచేసి ఉండాలి. నేను ఆ శిక్షణలో సాయం చేసేటప్పుడు మన పిల్లలు ఎవరైనా ఉంటే మూడో సూత్రం దగ్గర దశరథుడి కథ చెప్తాను, ఇంగ్లీషులో చెప్పినా బాగానే ఎక్కుతుంది.

దీనికి ఎదురుగా నాకు తృప్తినిచ్చిన వేట ఏదని అడిగితే, చెప్పుకోవడానికి అందులో కథే లేదు. తుపాకి సీజన్ తొమ్మిది రోజుల్లో ఆఖరి రోజు, అరువు తెచ్చుకున్న రైఫిల్, దానికి మంచి స్కోప్, 40 గజాల దూరంలో ఆడ జింక. మీ సహోద్యోగుల లెక్కలో ఇంతకంటే తేలికైనది ఉండదు. అయితే సరిగ్గా దాని వెనుక ఆ ఏటి పిల్ల నిలబడి ఉంది. ఆ దూరంలో రైఫిల్ తూటా ఒక జింక దేహంలో ఆగదు, దూసుకుపోయి వెనకదానికి తగులుతుంది, అది చస్తే ట్యాగ్ లేని రెండో జింక అవుతుంది, చావకపోతే ఇంకా అన్యాయం. తల్లి మేస్తూ ఒక అడుగు జరిగితే పిల్లా ఒక అడుగు జరిగేది. చలికి వేళ్లు కర్రల్లా అయ్యాయి, 50 నిమిషాలు గడిచాయి. చివరకు పిల్ల ఓక్ కాయ దేనికోసమో పక్కకు వెళ్లింది, తల్లి అక్కడికక్కడే పడింది. పెద్దాయనకు చెప్తే తల ఊపి, "కాఫీ పోసుకో" అన్నాడు. ఆయన నోట అది మెచ్చుకోలే.

అలాగని "ఏ విధంగా కొట్టినా ఒకటే" అనే వాదాన్ని నేను ఒప్పుకోను. ఆయుధం వేరు, పద్ధతి వేరు, ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే సగం గొడవ వస్తోంది. రాత్రి పొలంలోకి దీపం కొట్టి, ఆ వెలుగుకు కళ్లు చెదిరి నిలబడిపోయిన జింకను కొట్టడం చట్టప్రకారమూ నేరమే, అది పాత విల్లుతో కొట్టినా నేరమే. ఎత్తైన కంచె లోపల డబ్బు కట్టి, పెంచిన జింకను, అది ఏ పూట ఏ మూలకు వస్తుందో ముందే తెలిసి కొట్టడం కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధమే కావచ్చు, దాన్ని వేట అనడానికి నా నోరు రాదు. మేత పోసి కూర్చోవడం గురించి నా అభిప్రాయం అంత గట్టిది కాదు. టెక్సస్‌లో మొక్కజొన్న గింజలు చల్లే యంత్రాలు మామూలు సంగతి, అక్కడి ముళ్లపొదల్లో జింకను కనిపెట్టడం ఎంత కష్టమో చూశాక నేను నవ్వడం మానేశాను. మినెసోటాలో అదే పని నేరం. దక్షిణాదిలో కొన్ని రాష్ట్రాల్లో కుక్కలతో తరుముతారు. మా వైపు పది మంది వరసకట్టి అడవిలోంచి తోలుకువస్తారు, అక్కడ ఒక్క జింకలో రెండు తూటాలు దొరికాయంటే, పందిని కొట్టింది నా బాణమంటే నా బాణమని అర్జునుడూ కిరాతుడూ తగవులాడినట్టే ఉంటుంది, నాలుగు బీర్లు తాగేదాకా తేలదు. ఒక పద్ధతి జింకకు తప్పించుకునే దారి ఉంచిందా, నాకు "వద్దు" అనుకునే అవకాశం ఉంచిందా అన్నదే నేను చూసుకుంటాను. కంచె లోపల ఈ రెండూ ఉండవు. మీ మంచె మీద రెండూ ఉన్నాయి.

పెద్ద కొమ్ములను కొలిచి నమోదుచేసే రికార్డు పుస్తకాల సంగతి కూడా అడిగారు. 1961లో ఏర్పడ్డ పోప్ అండ్ యంగ్ క్లబ్ విల్లుతో కొట్టినవాటినే నమోదు చేస్తుంది, క్రాస్‌బోను ఒప్పుకోదు. థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఆయుధం ఏదని చూడదు. అంతేకాదు, అడవిలో చచ్చిపడి దొరికిన జింక కొమ్ములనూ కొలిచి నమోదు చేస్తుంది. ఎవరూ కొట్టకుండానే రికార్డుకెక్కవచ్చు అంటే, ఆ పుస్తకం లెక్క పెట్టేది జింకనే తప్ప వేటగాణ్ని కాదని అర్థం. దీనికి ఈ రాష్ట్రంలోనే ఒక విచిత్రమైన ఉదాహరణ ఉంది. 1914లో బర్నెట్ కౌంటీలో డాన్‌బరీ దగ్గర జేమ్స్ జోర్డన్ అనే ఆయన ఒక పెద్ద మగ జింకను కొట్టి, తలను గోడకు తగిలించేలా చేయమని ఒకరికి ఇచ్చాడు. ఆ పనివాడు ఊరు మారిపోయాడు, తల పోయింది. దశాబ్దాల తరువాత ఆ కొమ్ములు మినెసోటాలో ఎవరో అమ్ముతుంటే కారుచవకగా చేతులు మారాయి, కొలిస్తే కొమ్ముల కొలతలన్నీ కలిపి వేసే లెక్కలో 206 పాయింట్లు దాటి ప్రపంచ రికార్డు అయ్యాయి, 1993లో కెనడాలోని సస్కాచెవాన్‌లో మరొకటి పడేదాకా ఆ రికార్డు నిలిచింది. కొట్టింది జోర్డనే అని 1978లో అధికారికంగా ఒప్పుకునే సమయానికి ఆయన కన్నుమూసి కొద్దికాలమైంది. ఆయన దాన్ని కొట్టింది రైఫిల్‌తో. ఇవాళ ఆ కొమ్ముల గురించి మాట్లాడేవాళ్లలో ఎవరూ ఆ మాట ఎత్తి తక్కువ చేయగా నేను వినలేదు.

ఇప్పుడు అమ్మగారి మాట. నిజం చెప్పాలంటే మీ సహోద్యోగుల కంటే ఆవిడే విషయానికి దగ్గరగా ఉన్నారు. వాళ్లు ఆయుధం గురించి అడిగారు, ఆవిడ జింక గురించి అడిగారు. పైగా ఆవిడ పెరిగిన చోట ఈ పని నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో జింక వేట జైలుకు పంపే వ్యవహారం, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మచ్చల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. నల్లమల చెంచుల చేతిలోని విల్లుకే వేట హక్కు లేకుండా పోయిన దేశం నుంచి వచ్చి, ఇక్కడ ట్యాగ్ కొనుక్కుని కొట్టామంటే ఆవిడకు అర్థం కావాలని పట్టుబట్టడం న్యాయం కాదు. మీకు వీలైతే ఒక సంగతి చెప్పి చూడండి. మన చుక్కల దుప్పినే 1932లో టెక్సస్‌కు తెచ్చి వదిలారు, అది అక్కడ బాగా పెరిగిపోయి స్థానిక జింకల మేతకు పోటీ అయింది, ఇవాళ దాన్ని అక్కడ ఏడాది పొడవునా వేటాడనిస్తున్నారు. ఒకే జంతువు ఒకచోట కాపాడవలసిన సంపద, ఇంకొకచోట తగ్గించవలసిన మంద. విస్కాన్సిన్‌లో తోడేళ్లు ఎక్కువగా ఉత్తరాన ఉన్నాయి, మీరు వేటాడే దక్షిణాన జింకను తగ్గించేవి ప్రధానంగా కార్లు, చలి, వేటగాళ్లు. అమ్మగారు ఇది విని కూడా "సరేలే, ఫొటో మాత్రం పంపకు" అంటే, పంపకండి. మా అమ్మ ఇరవై ఏళ్లు అదే అన్నది, నేను పంపలేదు.

ఫొటోల గురించి అడగకపోయినా ఒక మాట. మీరు జతచేసిన ఫొటోలో జింక నాలుక బయటికి వేలాడుతోంది, మూతి మీద నెత్తురు ఉంది, క్రాస్‌బోను దాని మెడ మీద ఆనించారు. వచ్చేసారి ఒక గుడ్డ తీసుకెళ్లండి. మూతి తుడవండి, నాలుక లోపలికి పెట్టండి, కాళ్లు ఒంటి కిందికి మడవండి, ఆయుధాన్ని చెట్టుకు ఆనించి పక్కన పెట్టండి. రెండు నిమిషాల పని. దాన్ని చూసేవాడికి జింక ముందు కనిపిస్తుంది, మీరు తరువాత కనిపిస్తారు, క్రాస్‌బో కనిపించదు కనుక ఆఫీసులో సగం చర్చ దానంతటదే తగ్గుతుంది.

మీ సహోద్యోగులకు తెలియని ఇంకో కారణాన్ని కూడా మీరు ప్రస్తావించారు. మీరు హెచ్1బీ వీసా మీద ఉన్నారు కనుక భయపడి తుపాకి జోలికి పోలేదు. ఆ జాగ్రత్త మంచిదే. ఇటువంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి, తూటాలు కలిగి ఉండటాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. మినహాయింపు ఉందని తెలిసి కూడా, కొనేముందు లేదా అరువు తీసుకునేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి అడగమని నేను మనవాళ్లందరికీ చెప్తాను, లైసెన్సు గడువు తీరిన మర్నాడు ఆ తుపాకి మీ అలమారాలో ఉండటం ఏ ఇబ్బందికి దారితీస్తుందో ఆలోచించండి. విల్లుకు, క్రాస్‌బోకు ఈ తంటా లేదు. గ్రీన్‌కార్డు వరసలో ఉన్న మనిషి క్రాస్‌బోను ఎంచుకోవడం చేతకానితనం ఎలా అవుతుందో మీ మిత్రులే చెప్పాలి.

చివరగా, మీరు కొట్టిన తరువాత చేసిన పనుల్లో రెండు మెచ్చుకోదగ్గవి, ఒకటి దిద్దుకోవలసినది ఉన్నాయి. బాణం దొరికాక దాని మీద నెత్తురు గులాబీ రంగులో, నురగతో ఉందని గమనించి, అది ఊపిరితిత్తుల దెబ్బ అని గుర్తించి కూడా అరగంట ఆగారు, ఇది నేను 2009లో చేయలేకపోయిన పని. జాడ వెంట పోతూ ఆఖరి చుక్క ఉన్న ప్రతిచోటా కాగితపు రుమాలు ముక్క వేలాడదీశారు, అది కూడా సరైనదే, తిరిగొచ్చేటప్పుడు ఆ ముక్కలు ఏరుకొచ్చి ఉంటారని అనుకుంటాను. దిద్దుకోవలసినది మాంసం సంగతి. మర్నాడు సాయంత్రం 5 గంటల లోపు ఆన్‌లైన్‌లో నమోదు చేశారు, బాగానే ఉంది, కానీ పరీక్షకు ఇవ్వలేదు. జింకల మెదడును గుల్లచేసే సీడబ్ల్యూడీ అనే రోగం ఈ రాష్ట్రంలో 2002లో బయటపడింది, మీరు వేటాడిన దక్షిణ కౌంటీల్లో అది బాగా ఎక్కువగా ఉంది. మనిషికి సోకినట్టు ఇప్పటిదాకా ఆధారం లేదు, అయినా రోగం ఉన్నట్టు తేలిన జింకను తినవద్దని ఆరోగ్య శాఖలు చెప్తున్నాయి, రోగపు జింక చూడటానికి నిగనిగలాడుతూనే ఉండవచ్చు. పరీక్ష ఉచితం. తలను, దానితో పాటు ఐదు అంగుళాల మెడను కోసి, ఊళ్లో పెట్టిన పెట్టెలో ఫారం నింపి వదిలితే చాలు. తల ఇంకా మీ దగ్గరే ఉందని రాశారు కనుక ఆలస్యం కాలేదు, చెడిపోకముందే ఇచ్చేయండి. ఈలోగా వెన్నుపక్క మెత్తటి కండను వేరే సంచిలో కట్టి, మీ ట్యాగ్ నంబరు, తేదీ మార్కర్‌తో రాసి ఫ్రీజర్‌లో అడుగున పెట్టండి, కూరకు పొయ్యి వెలిగించడం ఫలితం వచ్చాకే.